మూడు వేళ్ల సలాం: మొహమ్మద్ బూరాస్ జిందగీ



ముందు కొన్ని పేర్లు చెబుతాను. ఫలాహ్, సబాహ్, ఇక్బాల్, హయాత్, హిలాల్. వీటిలో ఒక్కటి కూడా మనకు కొత్త కాదు. ఫలాహ్ అనే మాట రోజుకు ఐదుసార్లు అజాన్‌లో వింటాం. ఇక్బాల్ అని పిలిస్తే మన గల్లీలో ఇద్దరు ముగ్గురు చాచాలు వెనక్కి తిరిగి చూస్తారు. హిలాల్ అంటే ఈద్ ముందు సాయంత్రం మేడ ఎక్కి వెతుక్కునే నెలవంక.

1930ల్లో ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాలో ఇవి స్కౌట్ దళాల పేర్లు. అల్జీర్స్ నగరంలో ఫలాహ్ దళం, కాన్‌స్టాంటైన్‌లో సబాహ్ దళం, బ్లీదాలో ఇక్బాల్, సెతీఫ్‌లో హయాత్, తిజీ వుజూలో హిలాల్. మెడలో రుమాలు కట్టుకుని, వరసగా నిలబడి, మూడు వేళ్లెత్తి సలాం చేసిన ముస్లిం పిల్లల దళాలు. అప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్నది ఫ్రాన్స్. బడిలో, కచేరీలో, కోర్టులో ఫ్రెంచి. ఊళ్లకూ వీధులకూ ఫ్రెంచి సేనాపతుల పేర్లు. అలాంటి చోట పిల్లలు తమ దళాలకు అరబీ పేర్లు పెట్టుకుని, ఆ పేరున్న జెండా పట్టుకుని బజారులో నడవడం మామూలు విషయం కాదు.

దీనికి నాంది పలికిన మనిషి ఒక టైపిస్టు. పేరు మొహమ్మద్ బూరాస్. బతికింది 33 ఏళ్లు. 1941 మే 27న తెల్లవారుజామున ఫ్రెంచి ఫైరింగ్ స్క్వాడ్ ఆయన్ని కాల్చి చంపింది. నేటికీ అల్జీరియాలో మే 27 స్కౌట్ల దినం.

సెలవులొస్తే "పిల్లాణ్ని స్కౌట్ క్యాంపుకి పంపమంటున్నారు, పంపాలా వద్దా భాయ్? అందులో ఏం నేర్పుతారు? మన దీన్‌కి అడ్డం కాదు కదా?" అని అడిగే అమ్మీలు, అబ్బాలు నాకు తెలుసు. వాళ్లకు అవును, కాదు అని ఒక ముక్కలో జవాబు చెప్పే బదులు ఈ మనిషి జిందగీ చెబితే మేలనిపించింది.

పుస్తకం, పిల్లాడు ఒకే ఏట

స్కౌటింగ్ పుట్టుక కథ చాలామందికి తెలుసు. రాబర్ట్ బేడెన్ పావెల్ బ్రిటిష్ ఫౌజులో అఫ్సర్. మన హిందుస్తాన్‌లోనూ ఏళ్ల తరబడి నౌకరీ చేశాడు. దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ పట్టణాన్ని శత్రువులు 217 రోజులు చుట్టుముడితే నిలబడి కాపాడి ఇంగ్లండులో హీరో అయ్యాడు. 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది దాకా పిల్లలతో మొదటి క్యాంపు పెట్టాడు. అందులో పెద్దింటి పిల్లలూ ఉన్నారు, పేదింటి పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడు, 1908 జనవరి నుంచి, 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకం విడతలుగా బజారులోకి వచ్చింది.

ఆ విడతలు ఇంకా వస్తుండగానే, 1908 ఫిబ్రవరి 26న, అల్జీరియాలోని మిలియానాలో ఒక గరీబు ఇంట మొహమ్మద్ బూరాస్ పుట్టాడు. మిలియానా అల్జీర్స్‌కి నైరుతిగా, జక్కార్ కొండ ఒడిలో ఉన్న పాత ఊరు. ఆ కొండలో ఇనుప ఖనిజం ఉంది. ఫ్రెంచివాళ్లతో ఏళ్ల తరబడి పోరాడిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ 1839 ప్రాంతంలో తుపాకుల కార్ఖానా పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. పిల్లాడు పుట్టేనాటికి అది పాత ముచ్చట. అమీర్ ఓడిపోయి, పరాయి దేశంలో, దమిష్క్‌లో కన్నుమూసి దాదాపు పాతికేళ్లయింది. ఇనుప ఖనిజం ఇప్పుడు ఫ్రెంచి కంపెనీలది.

బేడెన్ పావెల్ పుస్తకం రాసింది తన సామ్రాజ్యం పిల్లల కోసం. సామ్రాజ్యం కింద నలిగిన ఇంటి పిల్లాడొకడు ఆ తాలీమును ఇలా వాడుకుంటాడని ఆయన ఊహించి ఉండడు.

సొంత ఇంట్లో పరాయివాడు

ఆ రోజుల్లో అల్జీరియా ముస్లిం హైసియత్ ఏమిటో తెలియకపోతే బూరాస్ చేసిన పని బరువు అర్థం కాదు.

1830లో ఫ్రెంచి ఫౌజు దిగింది. తర్వాత ఆ దేశాన్ని వలస అని కూడా అనలేదు, ఫ్రాన్స్‌లో భాగమే అన్నారు. భూమి ఫ్రాన్స్‌ది అయింది కానీ భూమి మీది మనుషులు కాలేదు. 1865 చట్టం ప్రకారం ముస్లిం ఫ్రాన్స్ రిఆయా, అంటే పాలితుడు మాత్రమే. పౌరుడు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. నికాహ్, తలాక్, విరాసత్‌లో షరీఅత్‌ను వదులుకుంటున్నానని ఒప్పుకోవాలి. దీన్ విడిచినట్టే అని జనం అనుకున్నారు, అర్జీలు పెట్టుకున్నవాళ్లు కొద్దిమందే. దాని మీద 'ఇండిజెనా' అనే ఇంకో చట్టం. మామూలు కోర్టు లేకుండానే స్థానికుడికి జుర్మానా వేయొచ్చు, ఖైదు చేయొచ్చు.

బడి సంగతి ఇంకా దారుణం. బడి ఈడు ముస్లిం పిల్లల్లో పదిమందిలో ఒక్కడు కూడా ఫ్రెంచి బడికి పోయిన కాలం కాదది. మరి తమ జుబాన్‌లో చదువుకుందామంటే, 1938 మార్చి 8న వచ్చిన హుకుంనామా లైసెన్సు లేకుండా మదర్సా నడిపే ఉస్తాదుల్ని ముజ్రిములుగా లెక్కగట్టింది.

1930లో ఫ్రాన్స్ తన రాజ్యానికి నూరేళ్లు నిండాయని అల్జీరియా అంతటా జష్న్ చేసింది. కవాతులు, విగ్రహాలు, విందులు. బూరాస్‌కి అప్పుడు 22 ఏళ్లు. మిలియానా విడిచి అల్జీర్స్ చేరి బతుకుతెరువు వెతుక్కుంటున్న జవాన్. కొన్నాళ్లకు ఫ్రెంచి నౌకాదళం కచేరీలో టైపిస్టు ఉద్యోగం దొరికింది. పగలంతా దొరల కాగితాలు టైపు చేసే పని.

సాయంత్రాలు ఆయన పోయే చోటు వేరే. దాని పేరు 'నాదీ అల్ తరఖ్ఖీ'. తరఖ్ఖీ అంటే మనకు వేరే చెప్పనక్కరలేదు. 1927లో అల్జీర్స్ నడిబొడ్డున ముస్లింలు పెట్టుకున్న క్లబ్ అది. అక్కడ చాయ్ తాగుతూ తఖ్రీర్లు వినేవాళ్లు. 1931 మే 5న అల్జీరియా ఉలమాల జమీయత్ పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. మన దేశంలో 1919లో జమీయత్ ఉలమా పుట్టినట్టే, అక్కడా ఆలిములు గుమికూడారు. వాళ్ల సదర్ షేఖ్ అబ్దుల్ హమీద్ బిన్ బాదీస్. కాన్‌స్టాంటైన్‌లోని జామె అఖ్‌దర్ మసీదులో పాతికేళ్ల పాటు దర్సె ఖురాన్ చెప్పి, 1938లో ఖతం చేసిన ఆలిం. వాళ్లు పిల్లల నోట పలికించిన పాఠం మూడు మాటల్లో ఇమిడేది: దీన్ ఇస్లాం, జుబాన్ అరబీ, వతన్ అల్ జజాయిర్.

పాఠం బాగుంది. దాన్ని వీధిలో తిరిగే పిల్లాడి ఒంటికి పట్టించడం ఎలా? మదర్సాకి వచ్చే పిల్లలు కొందరే. బూటు పాలిష్ చేసేవాడు, పేపర్లు అమ్మేవాడు, రేవులో మూటలు మోసేవాడు రాడు. బూరాస్ పట్టుకున్నది ఈ ముడినే.

కష్షాఫ్ అనే మాట

అల్జీర్స్ వీధుల్లో స్కౌట్లు అప్పటికే ఉన్నారు, ఫ్రెంచి పిల్లలు. కాథలిక్కులకు ఒక సంఘం, ఏ మతమూ లేని వాళ్లకు ఇంకోటి. వాటిలో చేరిన ముస్లిం పిల్లలూ కొద్దిమంది ఉండేవాళ్లు. పిల్లాడికి తాళ్ల ముడులు వేయడం, గాయానికి పట్టీ కట్టడం, నక్షత్రాలు చూసి దారి పట్టడం, అడవిలో అన్నం వండుకోవడం నేర్పే సంఘాన్ని ఎవరు కాదంటారు? రోజుకు ఒక్క మంచిపనైనా చేయాలి అంటుంది స్కౌట్ కాయిదా. దారిలోని ముల్లును తీసి పక్కన పడేయడం కూడా ఈమాన్‌లో భాగమే అని విని పెరిగిన ఇంటికి ఇందులో అజ్నబీగా అనిపించేదేముంది?

చిక్కు అక్కడ లేదు. వాదా దగ్గర ఉంది.

స్కౌట్ అయ్యే ప్రతి పిల్లాడూ మూడు వేళ్లెత్తి మూడు మాటలిస్తాడు. ఖుదా పట్ల, వతన్ పట్ల నా ఫర్జ్ నెరవేరుస్తాను. ఇతరులకు సాయపడతాను. స్కౌట్ కాయిదా పాటిస్తాను. బొటనవేలు చిటికెనవేలి మీద ఆనించి ఉంచుతాడు, బలమైనవాడు బలహీనుణ్ని కాపాడాలని. ఫ్రెంచి పిల్లాడికి వతన్ అంటే ఫ్రాన్స్. ముస్లిం పిల్లాడు ఆ మాట దగ్గరికి రాగానే ఏ దేశం పేరు తలుచుకోవాలి? తనను పౌరుడు కాదంటున్న దేశం పేరా? అందరి ముందు అబద్ధం ఆడిస్తూ మొదలయ్యే తర్బియత్ ఏం తర్బియత్?

బూరాస్ స్కౌటింగ్‌ను కాదనలేదు. ఫ్రెంచివాళ్లది కాబట్టి హరామ్ అని తోసేయలేదు. అందులోని హునర్ అంతా ఉంచుకుని, వాదాలో ఆ ఒక్క మాటకు అసలు అర్థం తెచ్చాడు. 1935లో అల్జీర్స్ కస్బాలో, ముస్లింల ఇరుకు గల్లీల పాతబస్తీలో, పిల్లల్ని పోగుచేసి 'అల్ ఫలాహ్' దళం కట్టాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో పాపులర్ ఫ్రంట్ సర్కారు రావడంతో పట్టు కాస్త సడలింది. 1936లోనే దళానికి చట్టబద్ధమైన మంజూరీ దొరికింది.

అరబీలో స్కౌట్‌ని కష్షాఫ్ అంటారు. కష్ఫ్, ఇన్‌కిషాఫ్ అని మనం ఉర్దూలో వాడే మాటల వేరు అదే. మరుగున ఉన్నదాన్ని విప్పి చూపడం. ఇమాం జమఖ్షరీ తఫ్సీర్ పేరు కూడా 'అల్ కష్షాఫే'. సిపాయి ముందు నడిచి శత్రువు జాడ చూసిరావడం అనే ఇంగ్లిష్ మాటకు అరబీలో ఎంత మంచి జోడీ దొరికిందో చూడండి. కస్బాలోని పిల్లాడికి అప్పటిదాకా తన గల్లీ తప్ప తెలియదు. క్యాంపుకి పోయి కొండలు, వాగులు, పంటచేలు చూసి 'ఇదంతా నా ములుకే కదా' అనుకుంటే అదే పెద్ద ఇన్‌కిషాఫ్.

దళం పక్కన దళం లేచింది. 1936లో కాన్‌స్టాంటైన్‌లో రెండు: ఒకటి సబాహ్, రెండోది రజా, అంటే ఉమ్మీద్. బ్లీదా, సెతీఫ్, తిజీ వుజూ, బిస్క్రా. ఏ ఊరి దళం ఆ ఊరిది, ఏ పెద్దమనిషి చేతిలో ఉంటే ఆయన తీరు. ఇలా అయితే సర్కారు ఒక్కోదాన్నీ విడివిడిగా నలిపేస్తుందని బూరాస్‌కి తెలుసు. నాలుగేళ్లు టైపిస్టు జీతంతో, సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి, చివరికి 1939లో అల్జీర్స్ పక్కనున్న అల్ హర్రాష్‌లో అన్ని దళాలనూ ఒక్కచోటికి చేర్చాడు. అల్జీరియా ముస్లిం స్కౌట్ల ఫెడరేషన్ అలా ఏర్పడింది. ఆ ఇజ్తిమాకు గౌరవ సదర్ షేఖ్ బిన్ బాదీస్. ఫెడరేషన్ సదర్ మొహమ్మద్ బూరాస్, ఉమర్ 31.

ఆలిం ఒక పక్క, టైపిస్టు ఒక పక్క. ఒకరిది మింబర్, ఒకరిది మైదానం. మన దగ్గర ఈ ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునే సందర్భాలు చాలా చూశాను. అక్కడ ఒకరి లోటు ఒకరు తీర్చారు.

1941 మే

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1939 సెప్టెంబర్‌లో యూరప్‌లో జంగ్ మొదలైంది. 1940 ఏప్రిల్ 16న బిన్ బాదీస్ ఇంతెకాల్ అయ్యారు. జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీ ముందు మోకరిల్లింది. నూట పదేళ్లుగా 'మేం అజేయులం' అన్న ఫ్రాన్స్ ఆరు వారాల్లో కూలిపోయింది. విషీలో మార్షల్ పెతాన్ సర్కారు గద్దెనెక్కింది. అల్జీరియా దాని చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడి నుంచి బూరాస్ కథ కష్టమైన మలుపు తీసుకుంటుంది. దాన్ని దాటేసి ఆయన్ని ఉత్త వలీగా చూపించడం నాకిష్టం లేదు.

మాలిక్ పడిపోయినప్పుడే గులాం లేవాలని ఆయనకు అనిపించింది. లేవాలంటే ఆయుధాలు కావాలి. ఫ్రాన్స్‌ను ఓడించిన జర్మన్ల దగ్గర అవి దొరుకుతాయేమోనని వాళ్లను కలిసే ప్రయత్నం చేశాడు. ఫ్రెంచి ఫౌజీ నిఘా కళ్లు ఆయన మీదే ఉన్నాయి. విషీ సర్కారు పైకి జర్మన్లతో దోస్తీ నెరుపుతూనే, లోపల వాళ్లతో మాట్లాడిన వాళ్లను పట్టుకుని శిక్షిస్తుండేది. 1941 మే నెలలో బూరాస్‌ను అల్జీర్స్‌లో అరెస్టు చేశారు. ఫౌజీ అదాలత్‌లో విచారణ. జాసూసీ ఇల్జాం. మరణశిక్ష. అరెస్టు, తీర్పు, అమలు మొత్తం ఒక్క నెలలోనే. మే 27 ఫజర్ వేళ, అల్జీర్స్ శివారు హుస్సేన్ దేలోని ఫైరింగ్ మైదానంలో నిలబెట్టి కాల్చేశారు.

అదే ఏడు జనవరి 8న కెన్యాలో బేడెన్ పావెల్ 83 ఏళ్ల నిండు వయసులో, తన ఇంట్లో, మంచం మీద కన్నుమూశాడు. ఒకరు మొదలుపెట్టిన తాలీమును ఇంకొకరు తన ఖౌమ్ పిల్లల దాకా తెచ్చారు. ఇద్దరూ ఒకే ఏట పోయారు. పోయిన తీరులో ఎంత ఫరక్!

హిట్లర్ మనుషుల దగ్గర ఆయుధాలు అడగడం తప్పా, ఒప్పా? ఈ సవాల్ మనకూ కొత్తది కాదు. అదే 1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తా ఇంటి నుంచి మారువేషంలో తప్పించుకుని, కాబూల్ మీదుగా బెర్లిన్ చేరారు. ఆయన వెంట నిలిచి, 1943లో జలాంతర్గామిలో కూడా తోడుగా ప్రయాణించిన ఆబిద్ హసన్ మన హైదరాబాదీ. వాళ్లను మనం దేశభక్తులుగానే గుర్తుంచుకున్నాం. బూరాస్‌నూ ఆయన దేశం షహీద్‌గానే గుర్తుంచుకుంది. అయినా ఒక మాట చెప్పాలి. హిట్లర్ ఎవరికీ ఆజాదీ ఇచ్చే మనిషి కాదు. దుష్మన్‌కి దుష్మన్ దోస్త్ అవుతాడనే లెక్క అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఊపిరాడక గొంతు పట్టుకున్నవాడు దొరికిన కిటికీ తెరవబోతాడు, ఆ కిటికీ అవతల ఏముందో చూసే ఫుర్సత్ వాడికి ఉండదు. నేను ఆ లెక్కను సమర్థించను. ఆ మనిషిని తప్పుపట్టే నోరూ నాకు లేదు.

నా దృష్టిలో ఆయన అసలు కమాయీ ఆ ఆఖరి నెలల్లో లేదు. దానికి ముందటి ఆరేళ్లలో ఉంది. జర్మన్ల నుంచి ఆయన కోరిన తుపాకులు రాలేదు. ఆయన కట్టిన దళాలు మాత్రం నిలబడ్డాయి.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు

మనిషిని చంపితే సంఘం చెదురుతుందని ఫ్రెంచివాళ్లు అనుకుని ఉంటారు. నాలుగేళ్లు గడిచాయి. 1945 మే 8న యూరప్‌లో జంగ్ ముగిసిందని ప్రపంచమంతా ఖుషీలు. అల్జీరియా ముస్లింలు కూడా వేల సంఖ్యలో ఆ జంగ్‌లో ఫ్రాన్స్ తరఫున పోరాడి వచ్చారు. సెతీఫ్‌లో ఆ ఉదయం రైల్వే స్టేషన్ పేటలోని మసీదు దగ్గర నుంచి జులూస్ బయల్దేరింది. అందరికంటే ముందు వరసల్లో ఎవరు? మెడలో రుమాళ్లు కట్టుకున్న ముస్లిం స్కౌట్లు. వాళ్ల పెదాల మీద 'మిన్ జిబాలినా' తరానా. ఆ జులూస్‌లో బూజీద్ సాల్ అనే జవాన్ చేతిలో అల్జీరియా జెండా ఉంది. దించమన్నారు పోలీసులు. అతను దించలేదు. కాల్చారు.

తర్వాత కొన్ని వారాల పాటు సెతీఫ్, గెల్మా, ఖర్రాతా చుట్టుపక్కల జరిగింది ఖత్లె ఆమ్. కోపంతో లేచిన జనం చేతిలో 102 మంది యూరోపియన్లు చనిపోయారు. దానికి బదులుగా ఫ్రెంచి ఫౌజు, విమానాలు, యుద్ధ నౌకలు, సాయుధ వలసదారులు కలిసి తీసిన ముస్లిం ప్రాణాలెన్ని? వెయ్యికి కాస్త పైన అన్నది ఫ్రెంచి సర్కారు. 45,000 అంటుంది అల్జీరియా. చరిత్రకారుల అంచనాలు ఈ రెండింటి మధ్య ఎక్కడెక్కడో ఉన్నాయి. ఆ రోజు సెతీఫ్ వీధిలో పదిహేనేళ్ల విద్యార్థిగా ఇదంతా కళ్లారా చూసిన కాతెబ్ యాసీన్ తర్వాత ఆ దేశపు గొప్ప రచయితల్లో ఒకడయ్యాడు.

స్కౌట్ సంఘం లోపల కూడా అంతా సాఫీగా నడవలేదు. పిల్లల సంఘం సియాసీ పార్టీకి ఎంత దగ్గరగా ఉండాలి అనే తగువుతో 1948లో అది రెండుగా చీలింది. దూరంగా ఉండాలన్న వాళ్లకు మహ్‌ఫూజ్ ఖద్దాష్ ముందు నిలిచాడు. ఆయనే తర్వాత అల్జీరియా జాతీయోద్యమ చరిత్రను పెద్ద పెద్ద సంపుటాల్లో రాసిన ముఅర్రిఖ్. పిల్లల చేతికి ఏమివ్వాలి, ఏమివ్వకూడదు అన్న ఆ బహస్‌లో రెండు వైపులా ముఖ్లిస్ మనుషులే ఉన్నారు.

ఇక 1954 నవంబర్ 1. ఇన్‌కిలాబ్ మొదలైన రోజు. దాన్ని నడిపించడానికి దేశం లోపల నిలిచిన ఆరుగురిలో ఇద్దరి పేర్లు చెబుతాను. ఒకరు లార్బీ బిన్ మహీదీ, బిస్క్రాలో స్కౌట్‌గా ఎదిగినవాడు. ఇంకొకరు దీదూష్ మురాద్, అల్జీర్స్ స్కౌట్. దీదూష్ 1955 జనవరిలో, 27 ఏళ్లకే, పోరులో షహీద్ అయ్యాడు. బిన్ మహీదీని 1957లో ఫ్రెంచి ఫౌజు పట్టుకుంది. ఖైదులో ఖుద్‌కుషీ చేసుకున్నాడని ప్రకటించింది. అది అబద్ధం, మేమే చంపామని ఒక ఫ్రెంచి జనరల్ 2001లో ఒప్పుకున్నాడు. ఫ్రాన్స్ సర్కారు నోరు తెరిచి ఆ మాట అనడానికి 2024 నవంబర్ 1 దాకా పట్టింది.

1962 జులై 5న అల్జీరియా ఆజాద్ అయింది. 1963లో దాని స్కౌట్ సంఘానికి ప్రపంచ స్కౌట్ సంస్థలో సభ్యత్వం వచ్చింది. ఒకప్పుడు ఏ దేశం పేరు తలుచుకోవాలో తెలియక నిలబడిన పిల్లాడి చోట, ఇప్పుడు 'నా వతన్' అని నిస్సంకోచంగా పలికే పిల్లాడు నిలబడ్డాడు.

మన ఇంటి సంగతి

హిందుస్తాన్‌లో ఈ కథ ఇంకో దారిలో నడిచింది. 1909లో బెంగళూరులో మొదటి స్కౌట్ దళం వచ్చినప్పుడు అది తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు తలుపు మూసే ఉంది. అప్పుడు అనీ బిసెంట్, మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్, వివియన్ బోస్ లాంటి వాళ్లు భారతీయ పిల్లల కోసం వేరే దళాలు కట్టారు. అంటే 'వతన్' అనే మాట దగ్గర అల్జీరియా పిల్లాడికి గొంతులో పడిన ముద్ద మనవాళ్లకూ పడింది.

ఆజాదీ వచ్చాక రకరకాల స్కౌట్ సంఘాలన్నీ కలిసిపోవాలని పట్టుబట్టిన పెద్దల్లో మన మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఒకరు. అప్పుడాయన దేశానికి విద్యామంత్రి. 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి ఏడు ఆగస్టు 15న ఆడపిల్లల గైడ్స్ సంఘం వచ్చి కలిసింది. అల్జీరియాలో బూరాస్ వేరుగా దళం కట్టాడు, ఎందుకంటే అక్కడ తన వతన్ తనది కాకుండా పోయింది. ఇక్కడ మౌలానా అందర్నీ ఒకే దళంలో నిలబెట్టారు, ఎందుకంటే ఈ వతన్ మనది. ఇద్దరి దారులు వేరైనా అడిగిన సవాల్ ఒకటే: పిల్లాడు వాదా చేస్తున్నప్పుడు ఆ మాట వాడి దిల్ నుంచి వస్తోందా, లేదా?

కాబట్టి "పంపాలా వద్దా" అని అడిగే అమ్మీలకు, అబ్బాలకు నా జవాబు: పంపండి. పదేళ్లు నిండిన బిడ్డను, మగైనా ఆడైనా, తప్పకుండా పంపండి. వాదాలో ఖుదా పేరూ ఉంది, దేశం పేరూ ఉంది. రెండూ మన పిల్లలు తల ఎత్తుకుని పలకగలిగేవే. రాజ్య పురస్కార్, రాష్ట్రపతి స్కౌట్ దాకా పోతే సంతోషం. పోకపోయినా పర్లేదు. దెబ్బ తగిలినవాడికి పట్టీ కట్టడం, తన గిన్నె తాను తోముకోవడం, పక్క గల్లీ పిల్లాడితో ఒకే గుడారంలో పడుకోవడం నేర్చుకుని వస్తే చాలు. పంపే ముందు ఒక్క పని చేయండి. ఆ మూడు వేళ్ల అర్థం ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. బొటనవేలు చిటికెనవేలిని ఎందుకు పట్టుకుంటుందో తప్పక చెప్పండి. వీలైతే కస్బాలో పిల్లల్ని పోగుచేసిన ఆ టైపిస్టు ఖిస్సా కూడా చెప్పండి.

మిలియానా ఊళ్లో పుట్టి హుస్సేన్ దేలో ఆగిపోయిన ఆ మనిషికి జిందగీలో దక్కింది 33 ఏళ్లు. అందులో పిల్లల కోసం పెట్టింది ఆరేళ్లే. ఆ ఆరేళ్లలో ఆయన ముందు నిలబడి మూడు వేళ్లెత్తిన పిల్లలెందరో, వాళ్లలో ఎందరు దేశం కోసం నేలరాలారో, ఎందరు బతికి ఆజాదీ రోజున జెండా ఎగరేశారో అల్లాహ్‌కే తెలుసు.

అల్లాహ్ ఆయన మగ్‌ఫిరత్ చేయుగాక. మన పిల్లలకు నేకీ చేసే తౌఫీఖ్ ఇవ్వుగాక. ఆమీన్.